రహదారిపై సైకిల్‌కూ చోటుంది: సైకిల్ చోదకులు, కారు చోదకులు పాటించవలసిన జాగ్రత్తలు
(ప్రత్యేక వ్యాసం)

రహదారి ప్రజలందరి ఉమ్మడి ఆస్తి. దానిపై కారుకు, బస్సుకు, లారీకి ఎంత హక్కు ఉన్నదో సైకిల్‌కు, పాదచారికి కూడా అంతే హక్కు ఉన్నది. అయితే హక్కులో సమానులైనప్పటికీ రక్షణలో వీరు సమానులు కారు. కారులో ప్రయాణించే వ్యక్తి చుట్టూ ఉక్కు కవచం, సీటు బెల్టు, ఎయిర్ బ్యాగు ఉంటాయి. సైకిల్‌పై వెళ్లే వ్యక్తికి తన శరీరమే కవచం. ఈ ఒక్క వ్యత్యాసాన్ని గుర్తిస్తే, రహదారిని ఇరువురూ ఎలా పంచుకోవాలో, ఎవరిపై ఎంత బాధ్యత ఉన్నదో సులభంగా బోధపడుతుంది.

కేంద్ర రహదారి రవాణా మంత్రిత్వ శాఖ నివేదిక ప్రకారం 2022 సంవత్సరంలో దేశవ్యాప్తంగా జరిగిన రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వీరిలో ద్విచక్ర వాహనదారులు 44.5 శాతం కాగా పాదచారులు 19.5 శాతం. సైకిల్ చోదకులు కూడా ఏటా వేల సంఖ్యలో ప్రాణాలు కోల్పోతున్నారు. అదే సంవత్సరం సంభవించిన మరణాలలో 70 శాతానికి పైగా అతివేగం కారణంగా సంభవించినవేనని ఆ నివేదిక పేర్కొన్నది.

సైకిల్ ఎవరి వాహనం?

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో 44.8 శాతం కుటుంబాలకు సైకిల్ ఉన్నది. ఆ తరువాత మోటారు సైకిళ్ల సంఖ్య బాగా పెరిగినప్పటికీ, సైకిల్ మన రహదారులపై నుండి అదృశ్యం కాలేదు. తెల్లవారక ముందే పాల క్యాన్లతోను, దినపత్రికల కట్టలతోను బయలుదేరేవారు, రాత్రి విధులు ముగించుకొని ఇంటికి తిరిగి వెళ్లే వాచ్‌మన్లు, తాపీ పనివారు, చిరు వ్యాపారులు, పాఠశాల విద్యార్థులు నేటికీ సైకిల్‌పైనే ఆధారపడుతున్నారు. 2010వ దశకం చివరి సంవత్సరాలలో ఆంధ్రప్రదేశ్‌లో ‘బడికొస్తా’ పథకం క్రింద ప్రభుత్వ ఉన్నత పాఠశాలల బాలికలకు ఉచితంగా సైకిళ్లు పంపిణీ చేశారు. సైకిల్ అందిన బాలిక చదువు కొనసాగాలంటే ఆమె ఇంటి నుండి బడి వరకు గల దారి కూడా సురక్షితంగా ఉండాలి.

ఇటీవలి కాలంలో ఆరోగ్యం కోసం, వ్యాయామం కోసం ఉదయం వేళ సైకిల్ తొక్కే ఉద్యోగులు, యువకుల సంఖ్య నగరాలలో పెరిగింది. ఈ రెండు వర్గాల అవసరాలు వేరు. వ్యాయామానికి వెళ్లేవారు సమయాన్ని, మార్గాన్ని ఎంచుకోగలరు. జీవనోపాధికై వెళ్లేవారికి ఆ వెసులుబాటు లేదు. చీకటిలోనైనా, వర్షంలోనైనా, లారీలు తిరిగే రహదారిపైనైనా వారు వెళ్లక తప్పదు. అందువల్ల సైకిల్ భద్రత ప్రధానంగా పేదల ప్రాణ రక్షణకు సంబంధించిన అంశమని గుర్తించవలసి ఉన్నది.

వేగం, దూరం: ప్రమాదపు లెక్క

చోదకుడు అడ్డంకిని చూసిన క్షణానికి, బ్రేకు నొక్కే క్షణానికి మధ్య సుమారు ఒక సెకను కాలం గడుస్తుంది. ఆ సెకనులో వాహనం పూర్తి వేగంతోనే ముందుకు సాగుతుంది. బ్రేకు పడిన తరువాత కూడా ఆగడానికి మరికొంత దూరం పడుతుంది. పొడిగా ఉన్న మంచి రోడ్డుపై గంటకు 30 కి.మీ. వేగంతో వెళ్లే కారు పూర్తిగా ఆగడానికి సుమారు 13 మీటర్లు కావాలి. 50 కి.మీ. వేగంలో ఆ దూరం సుమారు 28 మీటర్లు, 80 కి.మీ. వేగంలో సుమారు 57 మీటర్లు. తడిసిన రోడ్డుపై, అరిగిన టైర్లతో ఈ దూరం మరింత పెరుగుతుంది.

ఢీకొన్నప్పుడు కలిగే తాకిడి శక్తి వేగానికి వర్గ నిష్పత్తిలో పెరుగుతుంది. అనగా వేగం రెట్టింపైతే తాకిడి నాలుగు రెట్లవుతుంది. ఈ కారణంగానే, పాదచారులు, సైకిల్ చోదకులు మోటారు వాహనాలతో కలిసి ప్రయాణించే చోట్ల గరిష్ఠ వేగం గంటకు 30 కి.మీ. మించరాదని 2020 ఫిబ్రవరిలో వెలువడిన స్టాక్‌హోమ్ ప్రకటన సూచించింది. బడి, సంత, బస్టాండు, కాలనీ వీధి వంటి ప్రదేశాలకు ఈ సూచన ప్రత్యేకంగా వర్తిస్తుంది.

దాటి వెళ్లేటప్పుడు ఎంత ఎడం ఉండాలి?

సైకిల్‌ను కారు దాటి వెళ్లే సమయమే అత్యంత కీలకమైనది. సైకిల్ సరళ రేఖపై నడిచే వాహనం కాదు. గుంత, రాయి, ఇసుక, ఎదురుగాలి కారణంగా అది కొంతమేర ప్రక్కకు ఒరగడం సహజం. భారీ వాహనం వేగంగా ప్రక్క నుండి వెళ్లినప్పుడు వచ్చే గాలి తాకిడికి కూడా సైకిల్ అదుపు తప్పవచ్చును. కాబట్టి దాటి వెళ్లే వాహనం తగినంత ఎడం పాటించాలి. ఎడం కనీసం 1.5 మీటర్లు ఉండాలని స్పెయిన్ వంటి దేశాలు చట్టం చేశాయి. ఫ్రాన్స్‌లో పట్టణాలలో 1 మీటరు, వెలుపల 1.5 మీటర్లుగా నిర్ణయించారు. జర్మనీలో 2020 నుండి పట్టణాలలో 1.5 మీటర్లు, వెలుపల 2 మీటర్లు పాటించాలి. మన దేశంలోనూ 1.5 మీటర్ల ఎడాన్ని మంచి అలవాటుగా పాటించవచ్చును.

దీనిని మన రోడ్ల కొలతలతో పోల్చి చూద్దాం. సాధారణంగా ఒక లేన్ వెడల్పు 3.5 మీటర్లు. సైకిల్ చోదకుడు రోడ్డు అంచు నుండి అర మీటరు లోపలికి ఉంటాడు. సైకిల్ హ్యాండిల్ వెడల్పు సుమారు 0.7 మీటరు. ఎడం 1.5 మీటర్లు. కారు వెడల్పు సుమారు 1.75 మీటర్లు. ఇవన్నీ కలిపితే దాదాపు 4.5 మీటర్లు అవుతుంది. అనగా ఒకే లేన్‌లో ఉంటూ సైకిల్‌ను కారు సురక్షితంగా దాటడం సాధ్యం కాదు. ప్రక్క లేన్ ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే, అందులోకి జరిగి దాటాలి. రెండు లేన్ల రోడ్డుపై ఎదురుగా వాహనం వస్తుంటే, అది వెళ్లేవరకు సైకిల్ వెనుకనే నిదానంగా సాగాలి.

ఇలా ఆగడం వలన ఎంత సమయం వృథా అవుతుందని కొందరు ప్రశ్నించవచ్చును. గంటకు 40 కి.మీ. వేగంతో వెళ్లవలసిన కారు, గంటకు 15 కి.మీ. వేగంతో వెళ్లే సైకిల్ వెనుక 100 మీటర్లు సాగితే కలిగే ఆలస్యం సుమారు 15 సెకన్లు మాత్రమే. ఒక ప్రాణానికి ఎదురుగా ఈ 15 సెకన్లను ఉంచి చూసుకోవాలి.

కారు చోదకులకు సూచనలు

1. సైకిల్ వెనుకకు వచ్చి అదేపనిగా హారన్ మ్రోగించరాదు. ఉలిక్కిపడిన చోదకుడు హ్యాండిల్‌ను ప్రక్కకు త్రిప్పే ప్రమాదం ఉన్నది.

2. సైకిల్‌ను దాటిన వెంటనే ఎడమకు తిరగరాదు. సైకిల్ వేగాన్ని తక్కువగా అంచనా వేసి ముందుకు వెళ్లి అడ్డంగా తిరగడం వలన కూడళ్లలో ప్రమాదాలు జరుగుతాయి. ఎడమకు తిరగవలసి ఉంటే సైకిల్ వెనుకనే వెళ్లి, అది కూడలి దాటిన తరువాత తిరగాలి. ‘ఫ్రీ లెఫ్ట్’ ఉన్న సిగ్నళ్ల వద్ద ఈ జాగ్రత్త మరింత అవసరం. నేరుగా వెళ్లదలచిన సైకిల్ చోదకుడు కూడా ఎడమ అంచునే ఉంటాడు.

3. ఆపిన కారు తలుపు తెరిచే ముందు వెనుక నుండి ఎవరు వస్తున్నారో చూడాలి. డ్రైవరు తన ప్రక్కనున్న తలుపును ఎడమ చేతితో తెరిస్తే శరీరం దానంతట అదే కుడివైపు తిరిగి, చూపు వెనుకకు మళ్లుతుంది. ఎడమవైపు కూర్చున్నవారు కుడి చేతితో తెరవాలి. నెదర్లాండ్స్‌లో వాడుకలో ఉన్న ఈ పద్ధతిని బ్రిటన్ 2022 జనవరిలో తన రహదారి నియమావళిలో చేర్చింది. దీనికి ఖర్చేమీ లేదు.

4. రాత్రి వేళ ఎదురుగా సైకిల్ కనిపించినప్పుడు హై బీం తగ్గించాలి. కళ్లు బైర్లు కమ్మిన సైకిల్ చోదకుడికి ముందున్న గుంత కనిపించదు.

5. బడి పిల్లలు గుంపుగా సైకిళ్లపై వెళ్తున్నప్పుడు వేగం తగ్గించాలి. పిల్లలు మాటలలో పడి అకస్మాత్తుగా దిశ మార్చవచ్చునని ముందుగానే ఊహించాలి.

6. సైకిల్ కోసం ప్రత్యేకించిన దారిలో కారు నిలపరాదు. అక్కడ నిలిపిన ఒక్క కారు, ఆ దారిలో వచ్చే ప్రతి సైకిల్‌నూ వాహనాల రద్దీలోకి నెడుతుంది.

లారీలు, బస్సులు: కనిపించని ప్రదేశం

మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. కావున భారీ వాహనం ముందు ఎడమ మూల, ఎడమ ప్రక్క భాగం అతనికి సరిగా కనిపించవు. సిగ్నల్ వద్ద ఆగిన లారీకి ఎడమ ప్రక్కగా సైకిల్‌పై ముందుకు చొచ్చుకువెళ్లడం మిక్కిలి ప్రమాదకరం. పైగా పొడవైన వాహనం ఎడమకు తిరిగేటప్పుడు వెనుక చక్రాలు ముందు చక్రాల జాడలో నడవవు. అవి లోపలికి కోసుకుంటూ వస్తాయి. ముందు భాగం దాటిపోయిందన్న ధైర్యంతో ప్రక్కన నిలబడిన సైకిల్ చోదకుడు వెనుక చక్రాల క్రింద పడే అవకాశం ఉన్నది. సైకిల్ చోదకులు లారీకి వెనుక, దాని అద్దంలో డ్రైవరు ముఖం తమకు కనిపించే చోట ఆగడం క్షేమకరం. డ్రైవరు ముఖం మనకు కనిపిస్తేనే మనం అతనికి కనిపిస్తాము.

సైకిల్ చోదకుల బాధ్యతలు

మోటారు వాహనాల చట్టం నిర్వచనం ప్రకారం సాధారణ సైకిల్ మోటారు వాహనం కాదు. దానికి రిజిస్ట్రేషన్, లైసెన్సు, బీమా అవసరం లేదు. అంతమాత్రాన సిగ్నళ్లు, రహదారి గుర్తులు తమకు వర్తించవని సైకిల్ చోదకులు భావించరాదు.

ఎర్ర దీపం వద్ద ఆగాలి. రోడ్డు ఎడమ ప్రక్కనే వెళ్లాలి. అయితే మట్టి, గాజు పెంకులు పేరుకునే అంచున కాక, సుమారు అర మీటరు లోపలికి, ఒకే రేఖలో సాగాలి. ఆగి ఉన్న వాహనాల మధ్య లోపలికి, బయటకు వంకరగా తిరుగుతూ వెళ్లరాదు. మలుపు తిరిగే ముందు వెనుకకు చూసి, తిరగబోయే వైపు చేయి చాచి సంకేతం ఇవ్వాలి. వెడల్పైన రోడ్డుపై కుడికి తిరగడం కష్టమనిపిస్తే సైకిల్ దిగి, జీబ్రా క్రాసింగు వద్ద నడిపించుకుంటూ దాటడం ఉత్తమం. చెవులలో ఇయర్ ఫోన్లు పెట్టుకొని, లేదా ఒక చేత ఫోను పట్టుకొని తొక్కరాదు.

రాంగ్ రూట్‌లో వెళ్లడం ప్రాణాంతకం. గంటకు 50 కి.మీ. వేగంతో వచ్చే కారు, అదే దిశలో 15 కి.మీ. వేగంతో వెళ్లే సైకిల్‌ను సమీపించే వేగం 35 కి.మీ. అదే సైకిల్ ఎదురు దిశలో వస్తే ఆ వేగం 65 కి.మీ. అవుతుంది. తప్పించుకొనే వ్యవధి దాదాపు సగానికి తగ్గుతుంది, తాకిడి అనేక రెట్లు పెరుగుతుంది.

చీకటి పడిన తరువాత కనిపించడమే సగం రక్షణ. వెనుక ఎర్రని రిఫ్లెక్టరు, ముందు తెల్లని దీపం, చక్రాల కమ్ముల మధ్య, పెడళ్లపై రిఫ్లెక్టర్లు ఉండాలి. సైకిళ్ల రిఫ్లెక్టర్లకు నాణ్యతా ప్రమాణాలు నిర్దేశిస్తూ కేంద్ర ప్రభుత్వం 2020లో ఉత్తర్వు జారీ చేసింది. పాత సైకిళ్లకు రిఫ్లెక్టర్ పట్టీలను మడ్‌గార్డుపై, క్యారియర్‌పై అతికించుకోవచ్చును. లేత రంగు దుస్తులు ధరించాలి. బ్రేకు కట్టెలు అరిగితే వెంటనే మార్చాలి. తడిసిన రిమ్ముపై అవి సరిగా పట్టవని వర్షాకాలంలో గుర్తుంచుకోవాలి. సైకిల్‌కు హెల్మెట్ చట్టరీత్యా తప్పనిసరి కాకపోయినా, క్రింద పడినప్పుడు తలకు తగిలే గాయాల తీవ్రతను అది తగ్గిస్తుంది. క్యారియర్‌పై బరువు కట్టేటప్పుడు అది హ్యాండిల్ కంటే వెడల్పుగా బయటకు రాకుండా చూసుకోవాలి.

చట్టం ఏమి చెబుతున్నది?

2017లో అమలులోకి వచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనలు పాదచారులు, సైకిల్ చోదకులు, బాలలు, వృద్ధులు, వికలాంగుల భద్రత పట్ల చోదకులు ప్రత్యేక శ్రద్ధ వహించాలని నిర్దేశిస్తున్నాయి. 2019 సవరణ అనంతరం మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్ క్రింద ప్రమాదకరంగా వాహనం నడిపితే మొదటి నేరానికి 6 నెలల నుండి ఏడాది వరకు జైలుశిక్ష, లేదా రూ.1,000 నుండి రూ.5,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును. నిర్లక్ష్యం వలన మరణం సంభవిస్తే భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ మొదటి ఉపవిభాగం క్రింద 5 సంవత్సరాల వరకు జైలుశిక్ష పడవచ్చును.

ప్రమాదానికి కారణమైన చోదకుడు గాయపడిన వ్యక్తికి వైద్య సహాయం అందేలా చూడాలని, పోలీసులకు సమాచారం ఇవ్వాలని 134వ సెక్షన్ ఆదేశిస్తున్నది. సహాయం చేసిన దారిన పోయేవారిని కేసులతో వేధించకుండా 134-ఎ సెక్షన్ రక్షణ కల్పిస్తున్నది. రోడ్డు రూపకల్పన, నిర్వహణలో నిర్దేశిత ప్రమాణాలు పాటించనందువల్ల మరణం లేదా అంగవైకల్యం సంభవిస్తే సంబంధిత సంస్థ లేదా గుత్తేదారుపై రూ.1 లక్ష వరకు జరిమానా విధించేందుకు 198-ఎ సెక్షన్ వీలు కల్పిస్తున్నది.

బాధిత కుటుంబాలకు తెలియవలసిన సహాయం

సైకిల్‌కు బీమా లేదు కాబట్టి పరిహారం రాదని అనేక పేద కుటుంబాలు అపోహ పడుతున్నాయి. ఇది సరికాదు. ప్రతి మోటారు వాహనానికీ థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి. ఢీకొన్న వాహనపు బీమా నుండి పరిహారం కోరుతూ సైకిల్ చోదకుడు గాని, అతని వారసులు గాని మోటారు ప్రమాద పరిహార ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చును.

ఢీకొని పారిపోయిన వాహనం ఏదో తెలియకపోయినా సహాయం లభిస్తుంది. 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన పథకం ప్రకారం అటువంటి ప్రమాదంలో మరణించిన వారి కుటుంబానికి రూ.2 లక్షలు, తీవ్రంగా గాయపడిన వారికి రూ.50 వేలు చెల్లిస్తారు. ఇందుకు ప్రమాదం జరిగిన ప్రాంతపు రెవెన్యూ విచారణాధికారికి దరఖాస్తు చేసుకోవాలి. తెల్లవారుజామున, రాత్రి వేళ నిర్మానుష్య రహదారులపై ప్రమాదానికి గురయ్యే సైకిల్ చోదకుల కుటుంబాలకు ఈ పథకం ఎంతో అవసరమైనది. 2025 మే నెలలో కేంద్రం ప్రకటించిన నగదు రహిత చికిత్స పథకం క్రింద రోడ్డు ప్రమాద బాధితునికి ప్రమాదం జరిగిన నాటి నుండి 7 రోజుల వరకు రూ.1.5 లక్షల మేరకు నిర్దేశిత ఆసుపత్రులలో చికిత్స లభిస్తుంది. ప్రమాద సమయంలో 108 లేదా 112 నంబరుకు, జాతీయ రహదారులపై 1033 నంబరుకు ఫోను చేయవచ్చును.

అధికారులు పరిశీలించవలసిన అంశాలు

చోదకుల క్రమశిక్షణ ఎంత అవసరమో రోడ్డు నిర్మాణం కూడా అంతే ముఖ్యం. మనుషుల రాకపోకలకే గాని వాహనాల రాకపోకలకు ప్రాధాన్యం ఇవ్వరాదని 2006 నాటి జాతీయ పట్టణ రవాణా విధానం స్పష్టం చేసింది. 2020 జూన్‌లో కేంద్ర గృహ నిర్మాణ, పట్టణ వ్యవహారాల శాఖ ప్రారంభించిన ‘సైకిల్స్ ఫర్ ఛేంజ్’ పోటీలో 2021లో ఎంపికైన 11 నగరాలలో వరంగల్ ఒకటి. హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు వెంబడి సౌర ఫలకాల పైకప్పుతో నిర్మించిన 23 కిలోమీటర్ల సైకిల్ దారి 2023 అక్టోబరులో ప్రారంభమైంది. ఇటువంటి నిర్మాణాలు ఆహ్వానించదగినవి. అయితే బడికి, పనికి, సంతకు వెళ్లే సైకిల్ చోదకుడు ఎక్కువగా వాడేది తన ఊరి రోడ్డునే. ఆ రోడ్డుపై తక్కువ ఖర్చుతో చేయదగిన పనులు అనేకం ఉన్నాయి.

మురుగు కాలువలపై అమర్చే ఇనుప జాలీ కమ్ములు రోడ్డు దిశలో ఉంటే సైకిల్ చక్రం వాటి మధ్య ఇరుక్కుంటుంది. కమ్ములు రోడ్డుకు అడ్డంగా ఉండేట్లు జాలీని త్రిప్పి అమర్చాలి. మ్యాన్‌హోల్ మూతలు రోడ్డు మట్టానికి సమంగా ఉండాలి. తారు వేసిన ప్రతిసారీ రోడ్డు అంచుకు, మట్టి భుజానికి మధ్య ఎత్తు పెరగకుండా మట్టి నింపాలి. లేనట్లయితే క్రిందికి దిగిన సైకిల్ తిరిగి పైకి ఎక్కలేదు. స్పీడ్ బ్రేకర్లకు తెల్లని పట్టీలు, ముందస్తు హెచ్చరిక బోర్డు ఉండాలి. వీధి దీపాలు ఎడమ అంచు వరకు వెలుగు ప్రసరించేట్లు చూడాలి.

రాంగ్ రూట్ ప్రయాణాన్ని అరికట్టడానికి జరిమానా ఒక్కటే మార్గం కాదు. డివైడర్‌లో దారి ఒకటి, రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్నచోట, కాలి బలంతో నడిచే సైకిల్ చోదకుడు దగ్గర దారి వెదకడం సహజం. అటువంటి చోట్లను గుర్తించి, సురక్షితమైన క్రాసింగులు, నిరాటంకమైన సర్వీస్ రోడ్లు కల్పించినప్పుడే సమస్య శాశ్వతంగా పరిష్కారమవుతుంది. జిల్లా రహదారి భద్రతా కమిటీ సమావేశాలలో సైకిల్ ప్రమాదాల వివరాలను విడిగా సమీక్షించడం, ఈ-డార్ వ్యవస్థలో ప్రమాద స్థలం, సమయం, వెలుతురు వివరాలను పోలీసులు పూర్తిగా నమోదు చేయడం ఎంతో ఉపకరిస్తుంది.

పాత్రికేయుల పాత్ర

‘సైకిల్ అడ్డు రావడంతో కారు ఢీకొంది’ అని వ్రాసినప్పుడు విచారణ జరగక ముందే తప్పు మృతునిపై పడుతుంది. వాహనం వేగం, రోడ్డు స్థితి, వెలుతురు, సమీప క్రాసింగు దూరం వంటి వివరాలను కూడా సేకరించి ప్రచురిస్తే వార్త సమగ్రమవుతుంది. ఒకే ప్రదేశంలో పదేపదే ప్రమాదాలు జరుగుతుంటే ఆ విషయాన్ని అధికారుల దృష్టికి తీసుకురావాలి. వాహనం గుర్తింపు తెలియని ప్రమాదాలకు సంబంధించిన వార్తల చివర పరిహార పథకం వివరాలను రెండు పంక్తులలో ప్రచురించినా, ఒక నిరుపేద కుటుంబానికి దారి చూపినవారవుతారు.

ఐక్యరాజ్య సమితి 2018లో జూన్ 3వ తేదీని ప్రపంచ సైకిల్ దినోత్సవంగా ప్రకటించింది. 2021-2030 దశాబ్దంలో రోడ్డు ప్రమాద మరణాలను, గాయాలను కనీసం 50 శాతం తగ్గించాలని కూడా లక్ష్యంగా నిర్ణయించింది. కారు చోదకుడు మీటరున్నర ఎడం పాటించడం, తలుపు తెరిచే ముందు వెనుకకు చూడడం, సైకిల్ చోదకుడు వెనుక ఒక రిఫ్లెక్టరు అమర్చుకోవడం, ఇంజనీరు ఒక జాలీని త్రిప్పి అమర్చడం చిన్న పనులే. ఇవి ప్రతి ఊరిలో, ప్రతి రోజూ జరిగినప్పుడే పాలవాడు, పత్రికలు వేసే కుర్రవాడు, బడికి వెళ్లిన బాలిక క్షేమంగా ఇల్లు చేరుకోగలరు. ఈ దిశగా అధికార యంత్రాంగం, ప్రసార మాధ్యమాలు, వాహన చోదకులు సమష్టిగా కృషి చేయవలసిన అవసరం ఎంతైనా ఉన్నది.